కథలో పులి, పొలిమేరలో పులి: చిన్నపిల్లలకు ప్రకృతి పాఠం ఎలా చెప్పాలి?

గడ్చిరోలి జిల్లా చామోర్షి తాలూకాలో, మార్కండ ఆలయం దగ్గర, వైన్‌గంగ ఉత్తరవాహినిగా మలుపు తిరుగుతుంది. ఇంకా దిగువకు వచ్చి చప్రాల అభయారణ్యం అంచున వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. సిరోంచ దగ్గర గోదావరిలో చేరుతుంది. కిప్లింగ్ 1894లో వెలువరించిన జంగిల్ బుక్‌లో మోగ్లీ తిరిగిన ఏరు ఈ వైన్‌గంగే. ప్రపంచమంతా పిల్లలకు చదివి వినిపించిన అడవి కథల్లో ఒకటి ఈ నది ఎగువన, సియోనీ కొండల్లో జరుగుతుంది. అదే నది దిగువన పెరుగుతున్న పిల్లలకు ప్రకృతి గురించి బడిలో ఏం చెప్పాలి, కథతో మొదలుపెట్టాలా, చెట్టు కిందికి తీసుకెళ్లి మొదలుపెట్టాలా, వాళ్ల చేత ఏ భాషలో రాయించాలి అన్న ప్రశ్నలు మాత్రం ఇంకా తెగలేదు.

ఈ చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. బాలసాహిత్యకారులు ఒకటంటారు, సైన్సు ఉపాధ్యాయులు మరొకటంటారు, ఆదివాసీ విద్య కోసం పనిచేసేవాళ్లు ఇంకొకటంటారు. ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ ఒకే ప్రశ్న మీద వాదిస్తున్నామనుకోవడంతోనే సగం గందరగోళం వచ్చింది. జంతువులు మాట్లాడే కథలు మంచివా చెడ్డవా అన్నది ఒక ప్రశ్న. పుస్తకం ముందా, పరిశీలన ముందా అన్నది రెండోది. ఎవరి జ్ఞానాన్ని ఎవరి భాషలో బడిలోకి రానివ్వాలి అన్నది మూడోది. మూడింటినీ విడదీసి చూడాలి.

వాదన నడిచిన దారి

బడిలో ప్రకృతి పరిశీలన ఒక ఉద్యమంగా అమెరికాలో రూపుకట్టింది. 1873లో లూయీ అగసీ పెనికీస్ దీవిలో ఉపాధ్యాయులకు వేసవి బడి పెట్టి, పుస్తకాలు పక్కనపెట్టి ప్రాణుల్ని చూడమన్నాడు. 1891లో విల్బర్ జాక్‌మన్ సాధారణ బడులకోసం ప్రకృతి పరిశీలన పుస్తకం రాశాడు. 1903లో లిబర్టీ హైడ్ బెయిలీ ఆ ఆలోచనకు సిద్ధాంతం కూర్చాడు. 1911లో ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ ఉపాధ్యాయుల చేతిపుస్తకం తెచ్చింది. గొల్లభామ నుంచి గుడ్లగూబ దాకా ఒక్కో ప్రాణికీ ఒక్కో పాఠం, పాఠం చివర పిల్లలు తామే చూసి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. నూరేళ్లు దాటినా ఆ పుస్తకాన్ని ఇంకా వాడుతున్నారు.

ఈ ఉద్యమంతోపాటే జంతు కథలకు గిరాకీ పెరిగింది, గొడవా మొదలైంది. 1903లో ప్రకృతి రచయిత జాన్ బరోస్ అట్లాంటిక్ మంత్లీలో రాస్తూ, ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్, విలియం లాంగ్ వంటి రచయితలు ప్రకృతి పేరుతో కల్పన అమ్ముతున్నారని మండిపడ్డాడు. వుడ్‌కాక్ అనే పిట్ట విరిగిన తన కాలికి మట్టితో కట్టు కట్టుకుందని లాంగ్ నిజంగా జరిగిన సంగతిలా రాశాడు. 1907 నాటికి అధ్యక్షుడు థియొడార్ రూజ్‌వెల్ట్ కూడా ఈ రచయితల మీద విరుచుకుపడ్డాడు. బరోస్ అభ్యంతరంలో గమనించవలసిన మెలిక ఒకటుంది. అతను జంతువులు మాట్లాడే కథల్ని కాదనలేదు. కల్పనను నిజమని చెప్పడాన్ని కాదన్నాడు. ఈ తేడాను తర్వాతివాళ్లు చాలామంది మరిచిపోయారు.

తెలుగులో కథ వేరే దారిన నడిచింది. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో పంచతంత్రపు కాకి, ఎలుక, తాబేలు, జింక మన చదువులోకి వచ్చి స్థిరపడ్డాయి. 1947 జూలైలో చందమామ మొదలయ్యాక కథల పంట ఇంటింటికీ చేరింది. అయితే ఆ కాకి గూడు ఎలా కడుతుందో, ఆ తాబేలు ఏం తింటుందో కథకు పట్టదు. అవి రాజనీతి చెప్పడానికి వచ్చిన పాత్రలు. అందుకే మన దగ్గర పిల్లలకు కథ అనగానే నీతికథే తలపుకొస్తుంది. నిజమైన జంతువు నిజమైన బతుకును చెప్పే కథ తెలుగులో చాలా తక్కువ. మాస్కోలో అచ్చయి వచ్చిన రాదుగ, ప్రగతి ప్రచురణల తెలుగు పుస్తకాల్లో రష్యా మంచు అడవుల్ని చూసిన తరం ఉంది. మన తునికి చెట్టు గురించి, కొండగొర్రె గురించి అలాంటి బొమ్మల పుస్తకం ఆ తరానికి దొరకలేదు.

దేశంలో ప్రయోగాలకు మాత్రం కొదవ లేదు. 1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టాడు. 1920లో గిజుభాయి బధేకా భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచి కథను చదువుకు మొదటి మెట్టు చేశాడు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీ నయీ తాలీమ్‌ను ప్రతిపాదించాడు. అందులో చదువు కథతోనూ పరిశీలనతోనూ కాక చేతిపనితో మొదలవుతుంది. మట్టి, పత్తి, విత్తనం గురించి పని చేస్తూ తెలుసుకోవాలి. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలో, 1957 నుంచి కోస్బాడ్‌లో వార్లీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు పశువులు కాసే చోటికే బడిని తీసుకెళ్లారు. గడ్చిరోలి వంటి జిల్లాకు ఈ చివరి ప్రయోగం మిగతా వాటికంటే దగ్గరిది.

మాట్లాడే జంతువుల పేచీ

మొదటి ప్రశ్న మీద గత ఇరవై ఏళ్లలో కొన్ని గట్టి పరిశోధనలు వచ్చాయి. కెనడాలో ప్యాట్రిషియా గనియా బృందం 2014లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు వాళ్లకు కొత్తవైన జంతువుల గురించి రెండు రకాల పుస్తకాలు చదివి వినిపించింది. జంతువులు మనుషుల్లా మాట్లాడే, ఆలోచించే పుస్తకం విన్న పిల్లలు నిజం జంతువులకూ మనిషి గుణాలు ఎక్కువగా అంటగట్టారు. నిజ విషయాలు తక్కువగా నేర్చుకున్నారు. పరిశీలన వాదులు ఈ ఫలితాన్ని తమ పక్షాన సాక్ష్యంగా చూపిస్తారు.

అంతకంటే ముఖ్యమైన ఫలితం ఇంకొకటుంది. చిన్నపిల్లలు ప్రాణి ప్రపంచాన్నంతా మనిషితో పోల్చుకునే అర్థం చేసుకుంటారని మనస్తత్వ శాస్త్రం చాలాకాలం నమ్మింది. 2010లో హెర్మన్, వాక్స్‌మన్, మెడిన్ చూపించింది ఇది: నగరపు పిల్లల్లోనే ఆ తీరు మూడేళ్లప్పుడు లేదు, ఐదేళ్లకు వచ్చింది. అంటే అది పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. విస్కాన్సిన్ అడవుల్లోని మెనామినీ ఆదివాసీ పిల్లలతో మెడిన్, రాస్ తదితరులు అంతకుముందే చేసిన పనిలో, ఆ పిల్లలు ఏ ప్రాణి దేన్ని తింటుంది, ఎక్కడ బతుకుతుంది అన్న సంబంధాలతో ఆలోచించడం కనిపించింది. చామోర్షి, సిరోంచ పిల్లల మీద అలాంటి పరిశోధన చేస్తే దేనికి దగ్గరగా వస్తారో ఊహించడం కష్టం కాదు. కానీ ఊహ ఊహే, ఆ పని ఎవరైనా చేయాలి.

కథావాదుల జవాబు కూడా తీసిపారేయదగ్గది కాదు. పదిహేనో శతాబ్దిలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన గోవ్యాఘ్ర సంవాదం తెలుగువాళ్లకు తెలిసిందే. దూడకు పాలిచ్చి తిరిగొస్తానని ఆవు మాటిస్తుంది, పులి నమ్ముతుంది. ఈ కథ విన్న పిల్లవాడు పులి ఆవును వదిలేస్తుందని అనుకుంటాడా? ఎద్దును పులి ఎత్తుకుపోయిన ఊళ్లో పెరిగిన పిల్లవాడు అనుకోడు. కథ లోకం వేరు, అడవి వేరు అని తెలిసిన పిల్లలకు కథ హాని చేయదు. అడవి తెలియని పిల్లలకు, కథ తప్ప ఇంకేమీ అందనివాళ్లకు, అది హాని చేయవచ్చు. గనియా బృందం ఫలితాన్ని ఎక్కడికైనా అలాగే వర్తింపజేయలేకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ పులి అసలు పులే. ఇటీవలి సంవత్సరాల్లో గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో పులిదాడుల్లో చాలామంది చనిపోయారు. వాళ్లలో తునికాకు కోసుకోవడానికి వెళ్లిన ఆడవాళ్లూ ఉన్నారు. 2021 నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి అడవి ఏనుగుల మంద కూడా వచ్చి తిరుగుతోంది. ఇలాంటిచోట పులిని ప్రేమించండి అని నగరంలో తయారైన బొమ్మల పుస్తకం చెప్పే పాఠం పిల్లల చెవికెక్కదు. భయపెట్టే కథ కూడా చాలదు. పులి ఏ వేళ తిరుగుతుంది, వంగి ఆకు కోసే మనిషి దానికి ఎలా కనిపిస్తాడు, గుంపుగా ఎందుకు వెళ్లాలి అన్నవి చెప్పే కథ కావాలి. అలాంటిది నేనెరిగినంతలో పాఠ్యపుస్తకాల్లో లేదు. ఊరి పెద్దల నోట ఉంది.

రెండు వాదాలకూ మధ్యన మూడో దారి ఒకటి ఈ జిల్లాలోనే ఉంది. భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసాలో 1973లో బాబా ఆమ్టే మొదలుపెట్టిన లోక్ బిరాదరీ ప్రకల్పలో, 1976 నుంచి ఆశ్రమశాల నడుస్తోంది. పక్కనే ప్రకాశ్ ఆమ్టే చేరదీసిన అడవి జంతువుల ఆశ్రయం ఉంది. అక్కడి చిరుతపులి నేగల్ పేరు మీద విలాస్ మనోహర్ రాసిన మరాఠీ పుస్తకం, ఒక నిజం జంతువు బతుకును కల్పన కలపకుండా కథగా చెప్పవచ్చని చూపించింది. నవేగావ్, నాగ్‌జిరా అడవుల్లో ఉద్యోగం చేసి, 2025లో కన్నుమూసిన మారుతీ చితంపల్లి రచనలదీ అదే దారి. మరాఠీకి ఉన్న ఈ సంపద తెలుగు పిల్లలకు అనువాదంగానైనా రావాలి.

ముందు చూడు, తర్వాత చదువు

పరిశీలన పక్షానికి మన దేశంలో గట్టి పునాది 1972లో మొదలైన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం. ప్రయోగం, క్షేత్ర పర్యటన, పిల్లల ప్రశ్న దాని మూలసూత్రాలు. 1982లో ఏకలవ్య సంస్థ దాన్ని అందుకుంది. 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. తెలుగునాట 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక ద్వారా అదే స్ఫూర్తిని పిల్లలకు చేర్చింది. రిషివ్యాలీ గ్రామీణ కేంద్రం 1987 నుంచి పల్లె బడుల్లో పిల్లలు తమంతట తాము నేర్చుకునే కార్డులు తయారుచేసి, చుట్టుపక్కల సంగతుల్ని పాఠంలోకి తెచ్చింది. సీజన్‌వాచ్ కార్యక్రమంలో పిల్లలు ఒకే చెట్టును వారం వారం చూసి చిగురు, పూత, కాయ నమోదు చేస్తారు. కేరళ బడుల్లో అది బాగా నాటుకుంది.

పాఠ్యప్రణాళిక కూడా మాటల్లో ఈ పక్షానే ఉంది. 2005 జాతీయ ప్రణాళిక ఒకటి, రెండు తరగతుల్లో పరిసరాల పాఠాన్ని భాషలో, లెక్కల్లో కలిపి చెప్పమంది. మూడో తరగతి నుంచి విడి పుస్తకం ఉంటుంది: మహారాష్ట్రలో పరిసర అభ్యాస్, తెలంగాణలో పరిసరాల విజ్ఞానం. రెండింటిలోనూ మీ ఊరి చెట్లను గమనించండి అన్న కృత్యం ఉంటుంది. పరీక్షలో మాత్రం అడిగేది చెట్టు భాగాల పేర్లు.

ఈ వాదానికి మరో బలహీనత ఉంది. 2002లో ఇంగ్లండులో బాల్మ్‌ఫర్డ్ బృందం ఎనిమిదేళ్ల పిల్లలకు తమ దేశపు సాధారణ ప్రాణులకంటే పోకిమాన్ బొమ్మలే బాగా తెలుసని చూపించింది. ఆ తర్వాత రిచర్డ్ లూవ్ వంటివాళ్లు పిల్లలు ప్రకృతికి దూరమయ్యారని పుస్తకాలు రాశారు. ఆ రోగనిర్ణయం హైదరాబాదుకు సరిపోవచ్చు. నాలుగింట మూడు వంతులు అడవి ఉన్న గడ్చిరోలికి సరిపోదు. ఇక్కడి ఏడేళ్ల పిల్ల ఇప్పపూలు ఎప్పుడు రాలతాయో, ఏ పుట్టగొడుగు తినకూడదో ఇంట్లో నేర్చుకుంటుంది. ఆమెను అడవికి పరిచయం చేయాల్సిన పని లేదు. ఆమెకు తెలిసినది తెలివే అని బడి ఒప్పుకోవాలి.

కంటితో చూసినదే చదువనుకుంటే ఇంకొకటీ పోతుంది. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర కోట శిలల్లో దొరికిన ఎముకలను 1975లో శాస్త్రజ్ఞులు బారాపాసారస్ టాగోరై అని పేరుపెట్టి వర్ణించారు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి రాక్షసబల్లి అది. పేరులో ఉన్నది రవీంద్రుడు. దాని అస్థిపంజరం కోల్‌కతాలో భారత గణాంక సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. సిరోంచ దగ్గర వడధంలో శిలాజ పార్కు ఉంది. అక్కడికి పిల్లల్ని తీసుకెళితే కనిపించేది రాయి. ఆ రాయిలో ఒకప్పటి నదిని, చెట్లను, మెడ సాచిన జంతువును చూపించడానికి కథ ఒక్కటే దారి.

ఇంటి భాషలో అడవి

మూడో పక్షం ప్రశ్ననే మార్చింది. ఈ జిల్లాలో గోండీ, మాడియా, మరాఠీ, హిందీ, తెలుగు, బెంగాలీ, ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. సిరోంచ, అహేరి వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చామోర్షి, ముల్‌చేరా వైపు తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊళ్లున్నాయి. అడవి గూడేల్లో గోండీ, మాడియా. పిల్లకు అడవి తెలిసిన భాష ఒకటి, పరీక్ష రాసే భాష ఒకటి అయినప్పుడు, ఏ పద్ధతి గొప్పదన్న చర్చకు అర్థం సగం పోతుంది.

ఇది కొత్త గుర్తింపేమీ కాదు. 1943లో నిజాం ప్రభుత్వం తరఫున మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయి వద్ద గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టాడు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేయించాడు. అరవై ఏళ్ల తర్వాత, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండీ, కోలామీ, కోయ, సవర సహా 8 భాషల్లో బహుభాషా విద్య ప్రారంభించింది. ఈసారి లిపి తెలుగు. ఆ కార్యక్రమం పద్ధతి మన చర్చకు నేరుగా పనికొస్తుంది. ఊరి పంటల, పండుగల, అడవి రుతువుల క్రమాన్ని తీసుకుని పాఠాల వరుస కట్టారు. అక్షరాలు నేర్పే దారి ఒకటి, కథల దారి ఒకటి, రెండూ పక్కపక్కన నడిచాయి. పెద్ద బొమ్మల పుస్తకంలోని కథ ఊరిదే. కథా, పరిశీలనా అన్న తగువు అక్కడ తలెత్తలేదు, ఎందుకంటే ఊరి కథలోనే ఊరి చెట్టు ఉంది.

కానీ ఆ ప్రయోగం పై తరగతులకు పెద్దగా పాకలేదు. ఉపాధ్యాయుల బదిలీ, ఇంగ్లీషు మీడియం కోరిక, పుస్తకాలు మళ్లీ అచ్చుకాకపోవడం, ఇవన్నీ దాన్ని తిన్నాయి. లిపి చిక్కు కూడా అలాగే ఉంది. ప్రాణహిత ఒక ఒడ్డున గోండీని దేవనాగరిలో రాస్తే, మరో ఒడ్డున తెలుగు లిపిలో రాస్తారు. గోండీకే ప్రత్యేకమైన గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మూడు లిపుల మధ్య ఒక చిన్న భాషకు పిల్లల పుస్తకాలు ఎలా పెరుగుతాయన్నది పెద్ద ప్రశ్నే.

రాత: అందరూ దాటేసిన మెట్టు

మూడు పక్షాలూ పిల్లలకు ఏం ఇవ్వాలన్నదే మాట్లాడాయి. పిల్లలు ఏం రాయాలన్నది వెనక్కి పోయింది. నా దృష్టిలో చర్చ మొత్తంలో అసలైన లోటు ఇదే.

1862లో టాల్‌స్టాయ్ యాస్నాయా పోల్యానాలో తన బడి గురించి రాస్తూ, రైతుల పిల్లల దగ్గర తాను రాయడం నేర్చుకోవాలా, వాళ్లు తన దగ్గరా అని అడిగాడు. 1920లలో ఫ్రాన్సులో సెలెస్తాన్ ఫ్రెనే తరగతి గదిలో అచ్చుయంత్రం పెట్టాడు. పిల్లలు బయటికి వెళ్లి చూసి వచ్చి, తోచినట్టు రాసి, అచ్చువేసి, దూరపు బడి పిల్లలకు పంపేవారు. ప్రకృతి పరిశీలన అక్కడ ఒక ఉత్తరం అయింది. ఉత్తరానికి చదివేవాళ్లుంటారు కాబట్టి అందులో వివరం నిజంగా ఉండాలి. వుడ్‌కాక్ కాలికి మట్టికట్టు వంటివి రాస్తే అవతలి పిల్లలు నిలదీస్తారు. బరోస్ కోరిన నిజాయితీ పెద్దల మందలింపు లేకుండానే వస్తుంది.

మన దగ్గరా పిల్లల రాత మీద ఆసక్తి పెరిగింది. సిద్దిపేట జిల్లా జక్కాపూర్ బడిపిల్లల కథలు పుస్తకంగా వచ్చాయి. 2022లో తెలంగాణ సాహిత్య అకాడమీ మన ఊరు – మన చెట్లు పేరుతో విద్యార్థులకు కథల పోటీ పెడితే పిల్లలు లక్షల్లో రాశారు. ఒక ప్రభుత్వ సంస్థ ఇంతమంది పిల్లల చేత చెట్టు గురించి రాయించడం తెలుగులో చిన్న విషయం కాదు. అయితే పోటీ అనగానే చెట్లు నాటాలి, చెట్టు మన తల్లి వంటి ముగింపు తనంతట తానే వచ్చేస్తుంది. చెట్టు దగ్గర కూర్చుని చూసిన పిల్లవాడు కూడా బహుమతి కోసం నీతి రాస్తాడు. నీతిచంద్రిక నాటి అలవాటు ఇక్కడా పనిచేస్తుంది.

గడ్చిరోలిలోనే మరో నమూనా ఉంది. ధానోరా తాలూకా మెండా లేఖా గ్రామం 2009లో సామూహిక అటవీ హక్కులు సాధించింది. అంతకుముందు నుంచే అక్కడి అభ్యాస బృందాల్లో ఊరివాళ్లు కూర్చుని తమ అడవి గురించి చర్చించి, లెక్కగట్టి, రాసి పెట్టుకునేవారు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థ పరిధిలోనూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల దాన్ని బయటివాళ్లు వచ్చి నింపారు. అదే రిజిస్టరులో ఒక భాగం బడిపిల్లల చేతికి ఇస్తే, వాళ్ల రాత హోంవర్కు స్థాయి దాటి ఊరికి పనికొచ్చే పత్రం అవుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

కథావాదం బలం పిల్లల మనసును పట్టుకోవడంలో ఉంది. కంటికి అందని కాలాన్నీ లోకాన్నీ అదే చూపిస్తుంది. దాని ప్రమాదం నీతి. పరిశీలన వాదం ఖచ్చితత్వాన్ని నేర్పుతుంది. పరీక్ష చేతిలో పడగానే అది పేర్ల జాబితాగా మారిపోతుంది, పులి తిరిగే ఊళ్లో దానికి హద్దులుంటాయి. ఇంటిభాషా వాదం పిల్లకు తెలిసినదాన్ని గౌరవిస్తుంది. ప్రభుత్వం వెనక నిలబడకపోతే రెండో తరగతి దాటదు. ఈ మూడింటిలో దేన్నీ కొట్టేయలేం. మూడూ కలిసే చోటు పిల్ల రాసుకునే నోటుపుస్తకమే అన్నది నా తీర్పు. విన్న కథ, చూసిన చెట్టు, ఇంటి మాట మూడూ అందులోకి రాగలవు.

ఇంకా తేలనివి

బడి కాలెండరుకూ అడవి కాలెండరుకూ పొత్తు లేదు. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలలు పరీక్షల కాలం. తునికాకు కోతకు, కల్లాల దగ్గర కట్టలు లెక్కపెట్టే కాలానికి బడికి సెలవులు. ఎండల వల్ల విదర్భలో బడులు మిగతా రాష్ట్రం కంటే ఆలస్యంగా జూన్ చివర్లో తెరుస్తారు. పిల్లలకు అడవి గురించి అతి ఎక్కువగా తెలిసే రోజులన్నీ బడి మూసిన రోజులే. దీనికి పరిష్కారం ఏ పక్షమూ చెప్పలేదు.

మారుతున్న ప్రకృతిని ఎలా చెప్పాలన్నదీ తేలలేదు. పోచంపల్లి దగ్గరే 2019లో మేడిగడ్డ బ్యారేజీ వచ్చింది, సిరోంచ వైపు పొలాలు మునిగాయి. చామోర్షి తాలూకా కోన్సరిలో ఇనుము కర్మాగారం వచ్చింది. పిల్లల పుస్తకంలోని నది ఇంకా స్వచ్ఛంగా, పొలం ఇంకా పచ్చగా ఉంటుంది. ఆరేళ్ల పిల్లకు నష్టాల చిట్టా వినిపించాలని ఎవరూ అనరు, కానీ కళ్లముందు లారీల దుమ్ము ఉన్నప్పుడు దాన్ని నోటుపుస్తకంలో రాయొద్దని చెప్పడం కూడా అబద్ధం నేర్పడమే. మూల్యాంకనం సంగతి మూడోది: ఇలాంటి రాతకు మార్కులు వేస్తే చచ్చిపోతుంది, వేయకపోతే బడి పట్టించుకోదు.

ఇవి తేలేదాకా ఆగనవసరం లేదు. సిరోంచ, చామోర్షి జిల్లా పరిషత్ బడుల సార్లకూ మేడములకూ, గోదావరి అవతల కాళేశ్వరం, మహదేవపూర్ బడుల వాళ్లకూ ఒక విన్నపం. ఈసారి బడి తెరిచిన వారంలో ప్రతి పిల్లకూ ఒక తెల్లకాగితాల పుస్తకం ఇవ్వండి. సెలవుల్లో అడవిలో, చేలో, ఏటిలో చూసినది తెలుగో గోండీయో బెంగాలీయో మరాఠీయో, ఏ భాషలో వస్తే అందులో, ఏ లిపిలో వస్తే అందులో రాయనివ్వండి. రాయలేని పిల్ల చెబితే మీరు రాసిపెట్టండి. నెలకోసారి ఆ పేజీల్లో కొన్ని నది అవతలి బడికి పంపండి. వాటి మీద ఎర్రసిరా మాత్రం పడనివ్వకండి.